నూటికి ముప్పై ఎనిమిది

"సోమవారం సాయంత్రం ఆరూ పదికి మునిరాజు మీకు ఫోన్ చేశాడు. నాలుగు నిమిషాలు మాట్లాడారు. మంగళవారం రాత్రి నుంచి మనిషి కనిపించడం లేదు. ఈ రోజు గురువారం. ఆ నాలుగు నిమిషాల్లో ఏం మాట్లాడుకున్నారో నాకు చెబుతారా, పోలీసులు అడిగేదాకా ఆగుతారా?"

ఇమ్మానుయేలు గొంతు పెంచలేదు. పెంచితే ఎదుటివాళ్ళకి కోపం తెచ్చుకునే అవకాశం ఇచ్చినట్టేనని అతని అనుభవం. బ్రూక్‌ఫీల్డ్‌లో ఆ బ్రోకింగ్ ఆఫీసు నాలుగో అంతస్తు, అద్దాల గది, టైము తొమ్మిదీ నలభై. ఎదురుగా కూర్చున్న సుప్రియకి ముప్పై ఏళ్ళుంటాయేమో. వ్యవసాయ కంపెనీల షేర్లు కొనాలా, అమ్మాలా అని రిపోర్టులు రాయడం ఆమె ఉద్యోగం.

"ఆ పేరు గల మనిషి నాకు తెలీదు సార్."

"తెలియనివాళ్ళు 'ఏ మునిరాజు' అని అడుగుతారమ్మా. ముందు ఆ ప్రశ్న వస్తుంది, ఆ తర్వాతే తెలీదనడం. మీరు వరస తప్పారు."

సుప్రియ చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేసింది. "మా లాయర్ ఎవరితోనూ మాట్లాడొద్దన్నారు."

"ఆయన మీ ఉద్యోగం గురించి చూస్తున్నాడు. నేను ఒక మనిషి ప్రాణం గురించి అడుగుతున్నాను. మునిరాజుకి నళిని అని భార్య ఉంది. బొమ్మనహళ్ళిలో గార్మెంట్స్‌లో కుట్టుపని. నాలుగేళ్ళ పాపకి మూడు రోజులుగా జ్వరం. నళిని నిన్న పొద్దున నా దగ్గరికొచ్చింది. మొగుడు ఇంట్లోనే వదిలేసి పోయిన ఫోన్‌లోంచి నంబర్లు రాసుకొచ్చింది. వాటిలో మీది ఉంది."

ఇమ్మానుయేలు పన్నెండేళ్ళు స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో దొంగ లావాదేవీలను కనిపెట్టే విభాగంలో పనిచేసి, పైవాళ్ళు వద్దన్న ఫైలు ఒకటి మూయనన్నందుకు బయటికి వచ్చి, ఇప్పుడు సొంతంగా దర్యాప్తులు చేస్తున్న మనిషి. నళిని చెప్పింది వినగానే సగం కథ అతనికి అర్థమైపోయింది. సోమవారం పొద్దున సుప్రియ ఒక రిపోర్టు రాసింది. పైరుసిరి సీడ్స్ అనే విత్తనాల కంపెనీ చూపిస్తున్న అమ్మకాల్లో నూటికి ముప్పై ఎనిమిది వంతులు నిజం కావని అందులో ఉంది. ఆరువందల నలభై ఉన్న షేరు బుధవారానికి ఐదువందల పన్నెండుకి పడింది. కంపెనీ వార్షిక ఫలితాలు ఈ రోజు సాయంత్రం నాలుగింటికి. మునిరాజు ఆ కంపెనీ ల్యాబ్‌లో విత్తనాలు మొలుస్తాయో లేదో పరీక్షించే ఉద్యోగి. లోపలి అంకెను బయటికి అమ్ముకుని పారిపోయాడని కంపెనీ అంటోంది.

"ఫోన్ అతనే చేశాడు," అంది సుప్రియ చివరికి. "అంతకుముందు ఆ మనిషి ఎవరో నాకు నిజంగా తెలీదు. 'మేడం, ముప్పై ఎనిమిది అని మీకెవరు చెప్పినారు? నా షీట్లో కూడా అదే ఉండాది. అందరూ నన్నే చూస్తా ఉండారు' అన్నాడు."

"మీరేమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు, లెక్కేస్తే వచ్చింది అన్నాను. ఎలా వేశానో చెప్పాను. 'ఇది నేను చెప్తే ఎవరూ నమ్మరు మేడం, మీరే ఒక లెటర్ రాసిస్తారా' అని అడిగాడు. లీగల్‌ని అడిగి చెప్తానన్నాను."

"అడిగారా?"

"అడిగాను. వద్దన్నారు." ఆమె తల దించుకుంది. "నేను మళ్ళీ ఫోన్ చేయలేదు."

ఇమ్మానుయేలుకి ఆమె మీద కోపం వచ్చింది. ఆ కోపం వెనకే జాలి కూడా వచ్చింది. రెంటినీ పక్కనబెట్టి, "ఆ లెక్క నాకూ చెప్పండి. షేర్లంటే తెలియని మనిషికి చెప్పినట్టు," అన్నాడు.

సుప్రియ కాగితం లాక్కుంది. లెక్క దగ్గరికి వచ్చేసరికి ఆమె జంకు పోయింది.

"అగ్రి షేరు చూసేవాళ్ళకి ఒక కన్ను మబ్బు మీద, ఒక కన్ను కంపెనీ బుక్స్ మీద ఉండాలి సార్. వానలు తగ్గినా, అప్పుల మీద వడ్డీ పెరిగినా, పంట ధర పడినా రైతు విత్తనం తక్కువ కొంటాడు. అప్పుడు కంపెనీల లాభం తగ్గుతుంది, షేరు కూడా తగ్గుతుంది. పోయినేడు అదే జరిగింది. మిగతా ఐదు సీడ్ కంపెనీల షేర్లు ఇరవై శాతం పైనే పడ్డాయి. పైరుసిరి ఒక్కటే ముప్పై శాతం పెరిగింది."

"బాగా నడుపుకుంటే పెరగకూడదా?"

"పెరగొచ్చు. కరువులో కూడా నిలబడే మంచి కంపెనీలున్నాయి. కానీ వాటికి లాభంతో పాటు డబ్బు కూడా వస్తుంది. వీళ్ళకి లాభం వచ్చింది, డబ్బు రాలేదు. డీలర్ల నుంచి రావాల్సిన బాకీ మాత్రం కొండలా పెరిగింది. అక్కడ డౌటొచ్చింది." ఆమె అంకెలు వేస్తూ పోయింది. "వీళ్ళు అమ్మే జిల్లాల్లో మొక్కజొన్న ఎన్ని ఎకరాల్లో పడిందో వ్యవసాయ శాఖే చెబుతుంది. మూడు లక్షల పదివేలు. అందులో ఐదో వంతు మాదేనని కంపెనీ తనే రాసుకుంది. అంటే అరవై రెండు వేల ఎకరాలు. అమ్మకాల్లో మాత్రం లక్ష ఎకరాలకి సరిపడా విత్తనం చూపించింది."

"మిగతా ముప్పై ఎనిమిది వేల ఎకరాల విత్తనం మట్టిలో పడలేదు."

"పడలేదు. నూటికి ముప్పై ఎనిమిది. అన్నీ పబ్లిక్‌గా ఉన్న అంకెలే సార్. పదో క్లాసు పిల్లలైనా వేయగలరు."

ఇమ్మానుయేలు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. లెక్క అంత సులువు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పైరుసిరి పెద్దలకి ఆ సామెత బాగా తలకెక్కినట్టుంది. అబద్ధపు లెక్కలు రాసుకుని బతికేవాళ్ళకి, నిజం కూడికలు తీసివేతలతో బయటపడుతుందని తట్టదు. ఎవడో ఒకడు చెప్పి ఉండాలి. ఆ ఎవడో ఒకడు మునిరాజు అయ్యాడు.

"ఇదంతా రాసి, కింద సంతకం పెట్టండి. ఆ ఫోన్ సంగతి కూడా."

"ఉద్యోగం పోతుంది సార్."

"పోవచ్చు," అన్నాడు ఇమ్మానుయేలు. పోదని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

సుప్రియ ఒకసారి తలుపు వంక చూసింది. తర్వాత పెన్ను తీసుకుని రాయడం మొదలుపెట్టింది. ఇమ్మానుయేలు ఆ కాగితంతో కిందికి దిగేసరికి పదీ ఇరవై అయిదు.

బొమ్మసంద్రలో పైరుసిరి నాలుగో నంబరు గోడౌన్ దగ్గర అతను స్కూటర్ ఆపినప్పుడు పన్నెండూ అయిదు. అక్కడ ఆదినారాయణప్ప ఎదురుచూస్తున్నాడు. హమాలీల మేస్త్రీ, అరవై ఏళ్ళ మనిషి. మాలూరు పక్క పల్లె. మునిరాజుకి చిన్నాయన వరస, ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే. నళిని ఫోన్ చేసి చెప్పబట్టి వచ్చాడు గానీ ముఖంలో భయం కనబడుతోంది.

"లోపలికి పోయేదానికి కుదరదప్పా. తలుపు మీద పుర్రె బొమ్మ ఉండాది, చూడు. మంగళవారం కట్టినారు. మళ్ళా మంగళవారం దాకా తెరవకూడదంట. పురుగు మందు పెట్టినారు."

ముందు తలుపు నిండా పసుపు రంగు టేపు, మధ్యలో నోటీసు. లోపల విషవాయువు ఉంది, ఏడు రోజులు ఎవరూ ప్రవేశించరాదు. గోడౌన్ మూసి మందు పెడితే అందులో పురుగు మొదలుకుని మనిషి దాకా ఏదీ బతకదు. అందుకే ఆ నోటీసు చూస్తే ఎంతటివాడైనా వెనక్కి తగ్గుతాడు.

"మందు పెట్టేది మీరు చూసినారా పెద్దాయనా?"

"యాడ చూస్తాము. మంగళవారం మధ్యాన్నమే మమ్మల్నందర్నీ ఇంటికి పంపిచ్చేసినారు. నిన్న ఆడిటర్లు వచ్చినారు, సరుకు చూడాలని. ఈ బొమ్మ చూసి గేటు కాడినుంచే తిరిగి పోయినారు."

"ఆడిటర్లు అడిగింది ఎప్పుడు?"

"సోమవారం సాయంత్రం ఫోన్ చేసినారంట, బుధవారం వస్తామని. ఆఫీసులో గడిబిడి పడినారు."

సోమవారం పొద్దున రిపోర్టు. సాయంత్రం ఆడిటర్ల ఫోన్. మంగళవారం మధ్యాహ్నం పుర్రె బొమ్మ. మంగళవారం రాత్రి మునిరాజు మాయం. ఇమ్మానుయేలు మనసులో ఈ వరస కట్టుకుంటుండగా, తలుపు మూల టేపు ఊడిన చోటు నుంచి ఒక పిల్లి బయటికి దూరింది. ఒళ్ళు విరుచుకుని, వాళ్ళిద్దర్నీ ఒకసారి చూసి, నోట్లో ఎలుకతో నింపాదిగా గోడ ఎక్కిపోయింది.

ఆదినారాయణప్ప నోరు తెరిచాడు. "ఆ ఎలుక కూడా తన్నుకుంటా ఉండాదప్పా."

"ఉంటుంది మరి. లోపల మందూ లేదు, మాకూ లేదు," అన్నాడు ఇమ్మానుయేలు. "వెనక చిన్న తలుపు తాళం మీ దగ్గరే ఉంటుందని నళిని చెప్పింది."

మేస్త్రీ నడుము దగ్గర తాళంచెవి తడుముకున్నాడు. "ఇది తెరిస్తే నా కూలి పోతాది."

"తెరవకపోతే మునిరాజు పోతాడు."

ఆయన తాళం తీశాడు. ఇమ్మానుయేలు తలుపు బార్లా తెరిచి కాసేపు బయటే ఆగాడు. పిల్లిని నమ్మాడు గానీ, పూర్తిగా నమ్మేంత ధైర్యం అతనికి లేదు. వాసన లేదు. కళ్ళు మండలేదు. అప్పుడు టార్చి వేసుకుని లోపలికి నడిచాడు.

పైకప్పు దాకా మూటలు. గోడ వెంట మనిషి నడిచే సందు తప్ప ఖాళీ లేదు. ఇవన్నీ అమ్ముడుపోయినట్టు లెక్కల్లో ఉన్న మూటలేనా, ఈ ఏడాది కొత్త సరుకా? చూడ్డానికి కొత్తవే. ప్రతి మూట మీదా తెల్లగా మెరిసే చీటీ. ఇమ్మానుయేలు చీటీలు చదువుతుంటే వెనక నుంచి ఆదినారాయణప్ప గొంతు వినిపించింది, ఏదో చెడు చూసిన మనిషి గొంతులా.

"ఇవి రాకూడదప్పా."

టార్చి అటు తిప్పాడు. వరస చివర ఒక మూట మీద పసుపు, దాని మీద కుంకుమ. మూడు వేళ్ళతో అడ్డంగా పూసిన గీతలు. పసుపు వెలిసిపోయింది గానీ వేళ్ళ జాడ అలాగే ఉంది.

"ఏమిటిది?"

"లారీకి ఎక్కించే మొదటి మూటకి పసుపు కుంకుమ పెట్టేది మా అలవాటు. విత్తనం మారెమ్మ తల్లి సొత్తు. బొట్టు పెట్టి పంపినాక అది మట్టికే పోవాల. తిరిగి గూటికి వస్తే అరిష్టం. మార్చి ఆఖరి వారంలో పదకొండు లారీలకి నా చేత్తోనే పెట్టినా."

"ఈ బొట్టు మీదేనని ఎట్లా తెలుసు? వేరే మేస్త్రీలు లేరా?"

"ఉండారు. వాళ్ళు చుక్క పెడతారు. మూడు వేళ్ళతో పూసేది మా తాత కాలం నుంచి మా ఇంట్లోనే. ఏప్రిల్లో వేరే మనుషుల్ని పిలిపిచ్చి ఏదో సరుకు దించినారు, మమ్మల్ని పిలవలేదు. ఎందుకు పిలవలేదో ఇప్పుడు తెలిసింది." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత కోపం వచ్చింది ఆయనకి.

ఇద్దరూ గోడ వెంట నడిచి వెతికారు. ఒకటి, మూడు, ఏడు. ఆఖరిది తలుపు దగ్గర దొరికింది. పదకొండు. మార్చిలో సంవత్సరం లెక్క మూసేముందు అమ్మినట్టు పంపిన పదకొండు లారీల సరుకూ ఏప్రిల్లో తిరిగి వచ్చి ఇక్కడే కూర్చుంది. ఇమ్మానుయేలు ప్రతి బొట్టునీ ఫోటో తీశాడు. తర్వాత బొట్టున్న మూట మీద చీటీని గోరుతో లేపాడు. కింద ఇంకో చీటీ ఉంది. పాతది. పరీక్ష తేదీ పోయిన జూలై, తొమ్మిది నెలలు మాత్రమే చెల్లుతుంది. పైన అతికించిన కొత్త దాని మీద పరీక్ష తేదీ ఈ మంగళవారం. పరీక్షించినవారి సంతకం అన్న చోట ఖాళీ.

ఇంకో పది చూశాడు. అన్నిటి మీదా అదే తేదీ, అదే ఖాళీ.

"పెద్దాయనా, ఈ సంతకం ఎవరు పెట్టాల?"

"మునిరాజే. వానిది తప్ప వేరే చేవ్రాలు చెల్లదు." మేస్త్రీ గొంతు తగ్గించాడు. "ఈ విత్తనం నూటికి యాభై కూడా మొలవలేదని మంగళవారం మధ్యాన్నం నాతో చెప్పినాడు. జూన్లో మా పల్లె వాళ్ళు కొనేది ఈ మూటలే అప్పా. వాళ్ళ నాయనకి కూడా ఇవే పోతాయి."

మునిరాజు దొంగతనం చేసి పారిపోలేదు. తిరిగొచ్చిన పాత సరుకుని కొత్త పంటగా చూపించే సంతకం పెట్టనని పారిపోయాడు. ఇమ్మానుయేలుకి ఒక్క క్షణం ఆ కుర్రవాడి మీద గర్వంలాంటిది కలిగింది, తను కన్న కొడుకైనట్టు. ఆ క్షణంలోనే గోడౌన్‌లో లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి.

"దొడ్డిదారిన దూరడం ఎక్స్ఛేంజ్‌లో నేర్పిస్తారా గురువుగారూ?"

హేమంత్‌కుమార్. ఒకప్పుడు పోలీసు ఇన్‌స్పెక్టర్, ఇప్పుడు కంపెనీలకి దర్యాప్తులు చేసిపెట్టే పెద్ద ఏజెన్సీకి అధిపతి. మునిరాజుని వెతకడానికి పైరుసిరి నియమించుకున్నది ఇతన్నే. ఇస్త్రీ మడత నలగని చొక్కా, వెనక ఇద్దరు గార్డులు. గత రెండేళ్ళలో ఇమ్మానుయేలు చేతికి వచ్చిన మూడు కేసులు ఇతని చేతికి జారిపోయాయి. ఆ సంగతి ఇద్దరూ మర్చిపోలేదు.

"ముందుదారిన పుర్రె బొమ్మ ఉంది," అన్నాడు ఇమ్మానుయేలు. "మీరు మాత్రం మాస్కు లేకుండానే వచ్చినట్టున్నారు."

"సేఫ్టీ క్లియరెన్స్ వచ్చింది. టైము పన్నెండూ నలభై, మీకు ఐదు నిమిషాలిస్తా. ఆ తర్వాత ట్రెస్‌పాస్ కేసు."

"రెండు చాలు. మునిరాజే లీక్ చేశాడని మీకెలా తెలుసు?"

హేమంత్‌కుమార్ నవ్వి, జేబులోంచి మడత కాగితం తీశాడు. "అతని సిస్టమ్‌లో దొరికిన షీట్. ఏడాది మొత్తం లాట్లలో వెనక్కి వచ్చినవి నూటికి ముప్పై ఎనిమిది. ముప్పై ఏడు కాదు, నలభై కాదు. ఆ అమ్మాయి రిపోర్టులో ఎగ్జాక్ట్‌గా అదే నంబర్. పైగా ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకున్నారు. కో-ఇన్సిడెన్స్ అంటారా?"

"ఫోన్ ఎప్పుడు?"

"సోమవారం."

"సోమవారం ఎన్నింటికి?"

"సాయంత్రం ఆరూ పది."

"రిపోర్టు బయటికి వచ్చింది పొద్దున ఎనిమిదిన్నరకి. అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక ఎవరైనా బియ్యం అడుగుతారా హేమంత్ గారూ? అంతకుముందు ఒక్క కాల్ చూపించండి."

ఇమ్మానుయేలు సుప్రియ రాసిన కాగితం అతని చేతిలో పెట్టాడు. "మూడు లక్షల పదివేలలో ఐదో వంతు ఎంత? లక్షలోంచి అది తీసేస్తే ఎంత? ఫోన్‌లో లెక్క వేసుకోండి."

అతను వేసుకోలేదు. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. తెలివైన మనిషి, అందులో సందేహం లేదు. తెలివైనవాడు తప్పు తెలుసుకునేటప్పుడు ముఖం ఎలా ఉంటుందో ఇమ్మానుయేలు ఇదివరకు చూశాడు గానీ, హేమంత్‌కుమార్ ముఖంలో చూస్తానని అనుకోలేదు.

"ఇవన్నీ పబ్లిక్ నంబర్స్," అన్నాడు మెల్లగా.

"ఒక్కటి కూడా లోపలిది కాదు. లీక్ అనేదే లేదు. మీరు ఈ మూడు రోజులూ లేని దొంగని వెతికారు. ఈ చీటీలు చూడండి. ఆడిటర్లకి కొత్త సరుకని చూపించాలంటే వీటి మీద మునిరాజు సంతకం కావాలి. నాలుగింటికి ముందే కావాలి. ఆ సంతకం పెట్టాక అతను కంపెనీకి ఎందుకు పనికొస్తాడు?"

హేమంత్‌కుమార్ ఒంగి చీటీ లేపి చూశాడు. ఖాళీ సంతకం మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు. అతను ఏదో దాస్తున్నాడని ఇమ్మానుయేలుకి అప్పుడు తోచింది.

"అతను దొరికాడు కదూ?"

"నిన్న సాయంత్రం వాళ్ళ పక్కింటికి ఫోన్ చేశాడు, పాపకి జ్వరం తగ్గిందా అని. ఆ పక్కింటామెకి మేం ముందే డబ్బిచ్చి పెట్టుకున్నాం. అత్తిబెలెలో స్నేహితుడి గది. పొద్దున నుంచి మా కుర్రాళ్ళు బయట కాపలా ఉన్నారు."

"ఎవరికి చెప్పారు?"

"ఎండీకి. మల్లికార్జున్ గారికి. పదకొండూ ఇరవైకి." ఆ మాట చెప్పడానికి అతనికి కష్టమైంది. "మీ మనుషుల్ని వెనక్కి పిలిపించు, నా కారు పంపిస్తానన్నారు. ఫ్యామిలీ విషయాలు అడిగారు. వాళ్ళావిడ అతన్ని వెతకమని మీకు అప్పగించిందని కూడా చెప్పాను."

"నా పేరు చెప్పారా?"

"చెప్పాను."

ఇమ్మానుయేలు అతని చొక్కా పట్టుకోబోయి ఆగాడు. కొట్టాలనిపించింది. కొట్టినా టైము వెనక్కి రాదు. "మీ కుర్రాళ్ళకి ఫోన్ కొట్టండి."

మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారి ఎత్తారు. హేమంత్‌కుమార్ స్పీకర్ పెట్టాడు. అవతల గొంతు ఏమీ ఎరగనట్టు హాయిగా ఉంది.

"ఎండీ సార్ కారు వచ్చేసింది సార్. మమ్మల్ని పొమ్మన్నారు గానీ మేం సందు చివర నిలబడి చూశాం. పన్నెండుంబావుకి ఎక్కించుకున్నారు."

"బలవంతంగానా?"

"లేదు సార్, గొడవేం లేదు. ముందు తలుపు తీయలేదు. లోపల్నించి అరిచాడు, రానని. తర్వాత డ్రైవర్ కిటికీలోంచి ఫోన్ ఇచ్చాడు. రెండు నిమిషాలు ఎవరితోనో మాట్లాడి, తనే వచ్చి ఎక్కాడు. నవ్వుతూ ఎక్కాడు సార్."

హేమంత్‌కుమార్ ఫోన్ పెట్టేసి, "ఎవరితో మాట్లాడి ఉంటాడు?" అన్నాడు. రెండు రోజులుగా గదిలో దాక్కున్న మనిషి, కంపెనీ కారు చూస్తేనే వణికే మనిషి, ఎవరి మాట నమ్మి తలుపు తీస్తాడు? ఆదినారాయణప్ప నేను కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. హేమంత్‌కుమార్ ఎండీకి ఫోన్ కలిపాడు. స్విచాఫ్.

ఇమ్మానుయేలు పోలీస్ కంట్రోల్ రూమ్ నంబరు నొక్కబోతుండగా అతని ఫోనే మోగింది. నళిని. రెండు రోజుల్లో ఆమె గొంతులో నవ్వు వినడం అతనికి అదే మొదటిసారి.

"అప్పా, మీ పుణ్యం ఊరికే పోదు. మీరు పంపిన మనుషులు వచ్చినారు."

"ఎవరమ్మా వచ్చింది?"

"మీ పేరే చెప్పినారు కదా. ఇమ్మానుయేలు సార్ అంతా సరిచేసినాడు, మీ ఆయన అత్తిబెలెలో ఉండాడు, భయపడతా ఉండాడు, నువ్వు ఒక మాట చెప్తే కారెక్కుతాడు అన్నారు. వాళ్ళ ఫోన్‌లోనే మాట్లాడిచ్చినారు. రానంటే రానన్నాడప్పా. నేనే పాప మీద ఒట్టు పెట్టి ఎక్కిచ్చినా." ఆమె వెనక నుంచి పాప ఏదో అడుగుతోంది. "నేరుగా గోడౌన్‌కి, మీ దగ్గరికే తీసుకొస్తామన్నారు. చేరినాడా? ఒక్క నిమిషం ఫోన్ ఆయనకియ్యండి, పాప మాట్లాడతాదంట."

ఇమ్మానుయేలు గోడ మీది గడియారం వంక చూశాడు. ఒంటిగంటా అయిదు. మునిరాజు కారెక్కింది పన్నెండుంబావుకి. అత్తిబెలె నుంచి ఆ గోడౌన్‌కి పావుగంట దారి.